మూసీ లెక్క కిలోల్లో తేలాలి

మూసీకి ఏ పథకం ప్రకటించినా ముందు వినిపించేది కోట్ల మాటే. నదిలోకి రోజుకు ఎన్ని కిలోల మురికి చేరుతోంది, పెట్టిన ఖర్చుతో అందులో ఎంత ఆగింది అన్న ప్రశ్న చర్చకే రాదు. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ నది పొడవు సుమారు 240 కిలోమీటర్లు. తీరాభివృద్ధికి ఎంచుకున్నది హైదరాబాద్‌లోని 55 కిలోమీటర్లు. మురుగు అక్కడ ఆగదు. పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి కాల్వల వెంట దిగువ జిల్లాల వరిమళ్లలోకి పారుతుంది. రుద్రవెల్లి వంతెన దగ్గర గుట్టలుగా పేరుకునే నురగను దాటుకుని పొలానికి వెళ్లే రైతుకు నగరంలో కట్టే ఘాట్‌లతో ఒరిగేదేమీ లేదు.

కొలతలు అసలే లేవని కాదు. బాపూఘాట్, నాగోల్, ప్రతాపసింగారం, వలిగొండ, వాడపల్లి వంటి చోట్ల కాలుష్య నియంత్రణ మండలి నమూనాలు తీస్తూనే ఉంది. స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ (మురికిని తినే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్‌ కొలత) లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. కేంద్ర మండలి 2018 కలుషిత నదుల జాబితాలో మూసీ పడింది 30 మిల్లీగ్రాములు దాటిన మొదటి వర్గంలో, అంటే అన్నిటికంటే మురికివాటిలో. అయితే లీటరు లెక్క సగం నిజమే చెబుతుంది. రోజుకు పది లక్షల లీటర్లు, అంటే 1 ఎంఎల్‌డీ నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే రోజుకు 1 కిలో. 30 మిల్లీగ్రాములున్న 100 ఎంఎల్‌డీ నాలా రోజుకు 3 టన్నులు మోస్తుంది. దానికి మరో 100 ఎంఎల్‌డీ మంచినీళ్లు కలిపితే లీటరుకు 15కు దిగుతుంది, నివేదిక అందంగా కనిపిస్తుంది; టన్నులు మాత్రం మూడే.

గోదావరి జలాలను జంట జలాశయాలకు (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) తెచ్చే ప్రతిపాదనలో మూసీకి చెప్పిన వాటా 2.5 టీఎంసీలు. ఏడాది పొడవునా సమానంగా వదిలినా దాదాపు 194 ఎంఎల్‌డీ. 31 ఎస్టీపీలు (మురుగు శుద్ధి కేంద్రాలు) తలపెట్టినప్పుడు జీహెచ్‌ఎంసీ పరిధిలో మురుగు 1,650 ఎంఎల్‌డీ అని అంచనా వేశారు. మంచినీరు అందులో ఎనిమిదో వంతుకు కూడా చేరదు. ఎండాకాలంలో నదికి ఆ నీరు అవసరమే, కాదనడం లేదు. పలచబడటాన్ని శుద్ధి అని రాసుకోవద్దన్నదే మా మాట.

కిలోలు తేలాలంటే నాణ్యతా, ప్రవాహమూ ఒకే చోట, ఒకే గంటలో కొలవాలి. ఇప్పుడు దామరచర్ల దగ్గర ప్రవాహం చూసేది కేంద్ర జలసంఘం, నాణ్యత మండలిది, ఎస్టీపీల లెక్క జలమండలిది. వంతెన మీది నుంచి నీటి వేగం కొలిచి, నది అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే ప్రవాహం వస్తుంది. గుర్రపు డెక్క కమ్మినా, పూడిక చేరినా, దిగువ కత్వ (చిన్న అడ్డుకట్ట) వల్ల నీళ్లు ఎగదన్నినా నీటిమట్టానికీ ప్రవాహానికీ ఉన్న పాత పొంతన చెడుతుంది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి మళ్లీ కొలవాల్సిందే. నాలాల దగ్గర పగలు ఒక్క సీసా నింపుకొస్తే చాలదు. ఉదయం ఇళ్ల మురుగు పోటెత్తుతుంది, రాత్రివేళ దొంగచాటుగా ట్యాంకర్లు ఖాళీ చేసేవారు ఆ సీసాకు చిక్కరు. గంటకొకటి చొప్పున 24 నమూనాలు తీసి, ప్రవాహాన్ని బట్టి కలపాలి.

నమూనా తీశాక జరిగే పొరపాట్లూ చిన్నవి కావు. కరిగిన ఆక్సిజన్‌ సీసాలో మాంగనీస్‌ సల్ఫేట్, క్షార అయోడైడ్‌ గట్టుమీదే కలపాలి. బీఓడీ సీసాను 4 డిగ్రీల దగ్గర మంచులో పెట్టి 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. అక్కడ 27 డిగ్రీల్లో మూడు రోజులు ఉంచుతారు. ఎండలో జీపులో వదిలేస్తే సూక్ష్మజీవులు దారిలోనే మురికిని తినేస్తాయి, నది ఉన్నదానికంటే శుభ్రంగా తేలుతుంది. ఆన్‌లైన్‌ సెన్సర్లు కొంటే సరిపోతుందనుకోవడమూ భ్రమే. మురుగులో వాటికి కొద్ది రోజుల్లోనే జిగురుపొర పడుతుంది. పైగా కాంతి సాయంతో పనిచేసే బీఓడీ మీటరు బీఓడీని నేరుగా కొలవదు, అంచనా కడుతుంది. ల్యాబ్‌ ఫలితంతో తరచూ సరిచూడకపోతే తప్పుదారి పట్టిస్తుంది. టెండర్లలో యంత్రానికి డబ్బుంటుంది. దాన్ని వారం వారం కడిగే మనిషి జీతానికి ఉండదు.

పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థజలాలను అంబర్‌పేటకు తెచ్చేందుకు 18 కిలోమీటర్ల పైపులైను వేసిన నగరమిది. యాంటీబయాటిక్‌ అవశేషాలు బీఓడీ పరీక్షకు అందవు. ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, ఎన్‌ఐఎన్, ఉస్మానియా వంటి పరిశోధన సంస్థలన్నీ ఇక్కడే ఉన్నాయి. విడివిడి పరిశోధనల నిధులు రెండుమూడేళ్లకు అయిపోతే కొలతలూ ఆగిపోతాయి. అందరికీ ఒకే పద్ధతి రాసివ్వాలి. మూడు నెలలకోసారి ఒకే నమూనాను పంచి మూడు ల్యాబ్‌లకు పంపితే ఎవరి అంకెలు తేడాగా ఉన్నాయో బయటపడుతుంది.

నిధుల విడుదలను ఈ కొలతలకే కట్టాలి. గంగ శుద్ధికి కేంద్రం చేపట్టిన నమామి గంగేలో హైబ్రిడ్‌ యాన్యుటీ పద్ధతిన కట్టే ఎస్టీపీలకు 40 శాతం నిర్మాణ సమయంలో ఇస్తారు. మిగతా 60 శాతం 15 ఏళ్లపాటు పనితీరును బట్టి చెల్లిస్తారు. మూసీలో ఇంకో అడుగు వేయాలి: ఎస్టీపీ బయటి గొట్టం దగ్గరే కాక, అది శుభ్రం చేయాల్సిన నాలా నదిలో కలిసే చోట కూడా కిలోలు తగ్గితేనే వాయిదా ఇవ్వాలి. ఎందుకంటే శుద్ధి కేంద్రం సిద్ధమైనా ట్రంక్‌ లైను (మురుగును మోసుకొచ్చే ప్రధాన గొట్టం) పడకపోతే మురుగు దానికి చేరదు. వాన పడితే వరద నీరు మురుగు లైన్లలో కలిసి, బైపాస్‌ గేటు తెరిచి శుద్ధి లేకుండానే వదిలేస్తారు. ఆ గేటు ఎన్ని గంటలు తెరిచి ఉందో నమోదు చేసే పరికరానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రతి పని వ్యయంలో 2 శాతాన్ని పర్యవేక్షణకు ప్రత్యేక ఖాతాలో వేసి, 15 ఏళ్లు ఇంకే పద్దుకూ మళ్లించకుండా చట్టబద్ధంగా కట్టడి చేయాలని కోరుతున్నాం. కట్టే సంస్థ చేతిలో కొలిచే పని పెట్టకూడదు. మూసీ తీరాభివృద్ధి కార్పొరేషన్‌ డబ్బు చెల్లించవచ్చు, నమూనాలు తీసేది వేరేవారు కావాలి. జాతీయ హరిత ట్రైబ్యునల్‌ 2018 ఆదేశంతో రాష్ట్రాల్లో ఏర్పడిన నదుల పునరుజ్జీవన కమిటీకి ఈ ఖాతా అప్పగించవచ్చు. పూడిక తీయకముందే ఎండాకాలం, వానాకాలం, చలికాలం కలిపి ఒక పూర్తి ఏడాది ప్రాథమిక కొలతలు ముగించాలి. అడుగు మట్టి కదిలాక పాత స్థితి మళ్లీ దొరకదు. ఆ అంకెలు వెబ్‌సైట్‌తో పాటు పోచంపల్లి, వలిగొండ మండలాల గ్రామపంచాయతీ బోర్డుల మీద కూడా కావాలి: నిన్న నాగోల్‌ దాటి వచ్చింది ఇన్ని కిలోలు, పోయిన ఏడాది ఇదే వారం ఇన్ని.