పీఆర్వో కంటే ముందు బడి చెప్పాలి

సంక్రాంతి సెలవులు ముగిసీ ముగియకముందే పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ఫలానా కాలేజీ పీఆర్వోనంటూ ఒకరు ఇంటికి వస్తారు. ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజు తగ్గిస్తామంటారు, ఎంతో కొంత అడ్వాన్సు రాయించుకుని వెళతారు. నోటిఫికేషన్‌కు ముందే ప్రవేశాలు జరపడం చెల్లదని రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ చెబుతూనే ఉంటాయి, బేరాలు సాగుతూనే ఉంటాయి. అప్పటికి ఆ పిల్లవాడు పబ్లిక్ పరీక్షే రాయలేదు. పాలిటెక్నిక్‌లో ఏం చెబుతారో, ఐటీఐలో ఏ ట్రేడులుంటాయో, ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో బళ్లో ఎవరూ చెప్పి ఉండరు. పది తర్వాత ఏమిటన్న సంగతి ఆ ఇంట్లో మొదట మాట్లాడే మనిషి సీటు అమ్మడానికి వచ్చినవాడు కావడమే మా అభ్యంతరం.

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తోంది. 2025లో తెలంగాణలో పదో తరగతి ఉత్తీర్ణత దాదాపు 93 శాతం. అదే ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరంలో పాసైనవారు దాదాపు 67 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అవి 81, 70. ఇవి ఒకే పిల్లల లెక్కలు కావు. అయినా రెండు మెట్ల మధ్య ఎంత ఎత్తుందో తెలియడానికి చాలు. తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లిషుకు మారడం ఒక కారణం, గ్రూపు సరిపడకపోవడం మరో పెద్ద కారణం.

'ఎంపీసీ తీసుకుంటే అన్ని దారులూ తెరిచే ఉంటాయి' అన్నది ప్రతి ఇంటా వినిపించే మాట. అందులో చాలావరకు నిజముంది. లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలుండే ఎంపీసీతో వైద్యం, పశువైద్యం, వ్యవసాయ డిగ్రీ లాంటివి పోతాయి. ఇంజినీరింగ్, బీఫార్మసీ, ఎన్డీఏ (సైనికాధికారుల శిక్షణ అకాడమీ), సీఏ, లా, ఏ డిగ్రీ అయినా మిగిలే ఉంటాయి. లెక్కల బదులు జీవశాస్త్రం ఉండే బైపీసీలో చేరితే ఇంజినీరింగ్ దాదాపు మూసుకుపోతుంది. 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు లెక్కలు, జీవశాస్త్రం రెండూ కలిపి చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది. అది రెండు తలుపులు తెరుస్తుంది, అంత బరువూ మోయిస్తుంది. కానీ తెరిచి ఉన్న తలుపు దాకా నడవగలగాలి కదా. ఇంటర్ మొదటి ఏడాది లెక్కలు పదో తరగతి త్రికోణమితి, నిరూపక రేఖాగణితం మీదే నిలబడతాయి. ఆ రెండు అధ్యాయాల చివర ఉన్న లెక్కల్లో ఓ పది ఏరి, గైడు లేకుండా పిల్లల చేత చేయించి చూడండి. ఆరేడు చేయగలిగితే ఎంపీసీ గురించి నిశ్చింతగా ఆలోచించవచ్చు. రెండు మూడు దగ్గరే ఆగిపోతే ఆ గ్రూపులో రెండేళ్లు ఎలా గడుస్తాయో ఊహించుకోవాలి. పదో తరగతి మెమోలో లెక్కలకు 90 వచ్చినంత మాత్రాన ఈ పరీక్ష మానుకోవద్దు. వచ్చే ప్రశ్నలు బట్టీపట్టి తెచ్చుకున్న 90కి, లెక్క పట్టుబడి తెచ్చుకున్న 90కి మెమోలో తేడా కనిపించదు.

సీఈసీ (పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యం), ఎంఈసీ (లెక్కలు, అర్థశాస్త్రం, వాణిజ్యం)లను మార్కులు రానివాళ్ల గ్రూపులుగా చూడటం మానాలి. సీఏ చేయాలనుకునే పిల్లలు ఫౌండేషన్‌కు పది పూర్తికాగానే తాత్కాలికంగా నమోదు చేసుకోవచ్చు, ఇంటర్ అయ్యాక పరీక్ష రాయవచ్చు. ఒకేషనల్ ఇంటర్ సంగతి వేరు. ల్యాబ్ టెక్నీషియన్, ఎలక్ట్రికల్ వంటి కోర్సులు పనికి దగ్గరి దారే. అయితే తర్వాత ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌కో మామూలు డిగ్రీకో వెళ్లాలనుకునేవారు బ్రిడ్జి కోర్సు (మామూలు ఇంటర్ సబ్జెక్టుల) పేపర్లు కూడా రాసి పాసవ్వాలి. ఈ ముక్క చేరేటప్పుడు చాలామందికి తెలియదు. రెండేళ్లయ్యాక దరఖాస్తు తిరస్కరించినప్పుడు తెలుస్తుంది.

పాలిటెక్నిక్ గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే పేద, మధ్యతరగతి పిల్లలకు ఇంతకంటే నికరమైన దారి మరొకటి అరుదు. అందులో ప్రవేశానికి రాసే పాలిసెట్ 120 మార్కుల పరీక్ష. తెలంగాణలో లెక్కలు 60, భౌతికశాస్త్రం 30, రసాయనశాస్త్రం 30. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి 50, 40, 30. వచ్చేదంతా పదో తరగతి సిలబస్సే. తప్పు రాస్తే మార్కు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. తెలంగాణలో 36 మార్కులు తెచ్చుకుంటే అర్హత వస్తుంది, ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఉంది. తెలంగాణలో వ్యవసాయ, ఉద్యాన, పశుసంవర్ధక డిప్లొమాలకూ ఈ పరీక్షే, వాటి కోసం జీవశాస్త్రం పేపరు అదనంగా రాయాలి. ఇంజినీరింగ్ డిప్లొమాకు ఎక్కువ బ్రాంచిల్లో మూడేళ్లు పడుతుంది. తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. ఇంటర్ చదివి బీటెక్ చేసినవాడికీ ఈ పిల్లవాడికీ పట్టే కాలం ఒకటే, పైగా డిప్లొమా చేతిలో ఉంటుంది. కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) జూనియర్ ఇంజినీర్ పరీక్ష సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ శాఖలదే. రైల్వే జూనియర్ ఇంజినీర్ పోస్టుల్లోనూ ఈ బ్రాంచిల వాటా ఎక్కువ. సర్కారు ఉద్యోగం మీద కన్ను పెట్టి, అందరూ చేరుతున్నారని కంప్యూటర్ బ్రాంచి పట్టుకోవడం పొరపాటు. వైద్యం మీద ఆశ ఉన్నవారికి మాత్రం ఈ దారి పనికిరాదు. నీట్‌కు ఇంటర్ జీవశాస్త్రం ఉండాలి.

ర్యాంకు వచ్చాక జరిగే తప్పులే ఎక్కువ బాధ పెడతాయి. ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో 'నా ర్యాంకుకు ఇదొస్తుంది' అనుకున్న కాలేజీని మొదట పెట్టేవాళ్లు ఎందరో. కంప్యూటరు జాబితాను పైనుంచి చూస్తుంది, మీ ర్యాంకుకు అందే మొదటి సీటు ఇచ్చి అక్కడితో ఆగుతుంది. కింద ఇంకా మంచి కాలేజీ ఉన్నా దాని దాకా రాదు. కాబట్టి ఇష్టం ఎక్కువున్నది పైన, తక్కువున్నది కింద పెట్టాలి, వస్తుందా రాదా అన్న లెక్క వద్దు. పది ఆప్షన్లతో సరిపెట్టి సీటే రాక మిగిలిపోయేవారూ ఉన్నారు. ముందు కాగితం మీద కోడ్‌లతో సహా జాబితా రాసుకుని, అప్పుడు కంప్యూటరు ముందు కూర్చోవాలి. నెట్ సెంటరు వాళ్లు తమ ఫోన్ నంబరే ఇచ్చేసి, పాస్‌వర్డ్ తమ దగ్గరే పెట్టుకుంటే ఆప్షన్లు మారిపోయినా మీకు తెలియదు. ఓటీపీ మీ ఇంటి ఫోనుకే రావాలి. ఆప్షన్లు ఫ్రీజ్ చేశాక (ఖాయం చేశాక) ప్రింటు తీసి, వరస మళ్లీ సరిచూసుకోవాలి. సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే వచ్చిన సీటూ పోతుంది.

ఐటీఐని చిన్నచూపు చూసే అలవాటు మన సమాజానికి ఇంకా పోలేదు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్, డీజిల్ మెకానిక్ ఏడాది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మారుస్తున్నారు. విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టుకు ఎలక్ట్రికల్ ట్రేడు కావాలి, స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కు పది, ఐటీఐ ఉంటే చాలు. కానీ ఆ ఉద్యోగానికి ఏ-1 వైద్య ప్రమాణం పెట్టారు: కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు, రంగులు గుర్తించే శక్తి. లేజర్ ఆపరేషన్ చేయించుకుని వెళ్లినా తీసుకోరు. ఇంజను నడపాలన్న ఆశతోనే ట్రేడు ఎంచుకునే పిల్లవాడికి చేరకముందే కంటి డాక్టరు దగ్గర చూపు, వర్ణాంధత పరీక్ష చేయించాలి. రాత పరీక్షల మెట్లన్నీ ఎక్కాక వైద్య పరీక్షలో వెనుదిరగడం కంటే ఇదెంతో మేలు. ప్రైవేటు ఐటీఐలో చేరేవారు బోర్డు మీద ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) అని రాసి ఉంటే చాలనుకోవద్దు. అనుబంధం ట్రేడు వారీగా, యూనిట్ వారీగా ఇస్తారు. మీరు చేరబోయే ట్రేడుకు, ఈ ఏడాది యూనిట్‌కు ఉందో లేదో పోర్టల్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

ట్రిపుల్ ఐటీలు బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలలో ఉన్నాయి. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులతోనే సీటు. గురుకులాలు కాని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 4 శాతం కలుపుతారు. రెండేళ్లు పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్లు బీటెక్. ఇవికాక పది పాసైనవారిని తీసుకునే సంస్థలు మన మధ్యనే ఉన్నా పేరు వినని ఇళ్లే ఎక్కువ. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (కేంద్ర టూల్ డిజైన్ సంస్థ)లో టూల్, డై తయారీలో నాలుగేళ్ల డిప్లొమా ఉంది. హైదరాబాద్, విజయవాడ సీపెట్‌లలో ప్లాస్టిక్ టెక్నాలజీ డిప్లొమాలు ఉన్నాయి. వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. నేత కుటుంబాల పిల్లలకు వెంకటగిరి మాట బళ్లోనే చెవిన వేస్తే ఎంత బాగుండేది!

కాగితాల విషయంలో నిర్లక్ష్యం వద్దు. కులం, ఆదాయం, 4 నుంచి 10 వరకు బోనఫైడ్లు, టీసీ, మెమో, ఆధార్ అన్నిటిలో పేరూ పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర ఆగిపోతుంది. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపేటప్పుడే సరిదిద్దించుకుంటే హెడ్మాస్టరు సంతకంతో అయ్యే పని, తర్వాత నెలల తరబడి తిప్పుతుంది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి కనుక ఫలితాలకు ముందు, ఏప్రిల్‌లోనే మీసేవలోనో గ్రామ, వార్డు సచివాలయంలోనో దరఖాస్తు పెట్టుకోవాలి. బతుకుదెరువుకు భివండీ, సూరత్ వెళ్లిన కుటుంబాల పిల్లలు అక్కడ చదివి ఇక్కడ చేరాలంటే స్థానికత చిక్కు వస్తుంది. తల్లిదండ్రుల నివాస ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. కనీసం అయిదు సెట్ల జిరాక్సులు ఇంట్లో ఉంచుకోండి.

ఇక ప్రభుత్వాలు చేయాల్సింది. ఇంటర్ ప్రవేశాలు ముందు మొదలవుతాయి, పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ, ఐటీఐ సీట్లు ఆ తర్వాత తేలతాయి. ఈలోగా ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టి ఒరిజినల్స్ ఇచ్చేసిన పిల్లవాడికి ట్రిపుల్ ఐటీ సీటు వస్తే, ఏడాది ఫీజంతా కడితేనే టీసీ ఇస్తామనే యాజమాన్యాలున్నాయి. మెమో డిజిలాకర్‌లో దొరికే ఈ రోజుల్లో ఒరిజినల్ అట్టిపెట్టుకోవాల్సిన అవసరం ఏ కాలేజీకీ లేదు. పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ తొలి విడత సీట్లు తేలేదాకా ఇంటర్ ప్రవేశాలన్నీ తాత్కాలికమేనని, ఆలోగా మారిన పిల్లలకు కట్టింది తిరిగి ఇవ్వాల్సిందేనని రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాం. ఫిర్యాదు వస్తే చూస్తామంటే కుదరదు. టీసీ అవతలివారి చేతిలో ఉన్నవాడు ఫిర్యాదు చేయడు.

బడి స్థాయిలో ఖర్చు పెద్దగా లేదు. సీబీఎస్‌ఈ తన అనుబంధ బడుల్లో కౌన్సెలర్ ఉండాలని నిబంధన పెట్టుకుంది. మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలకు అలాంటి పోస్టు లేదు. వెంటనే పోస్టులు సృష్టించలేమంటే మండలానికి ఇద్దరు ఉపాధ్యాయులకు వారం రోజుల శిక్షణ ఇచ్చి, తొమ్మిదో తరగతి నుంచే వారానికి ఒక పీరియడ్ కేటాయించండి. దసరా తర్వాత ఒకరోజు పిల్లలను దగ్గరి పాలిటెక్నిక్‌కో ఐటీఐకో తీసుకెళ్లండి. లేత్ మిషను, వైండింగ్ బెంచీ, సర్వే పరికరాలు ఒకసారి చేత్తో తాకనివ్వండి. డిసెంబరులో తల్లిదండ్రుల సమావేశం సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి, కూలికి వెళ్లిన తల్లి రాగలిగే వేళ అది. ఆ రోజు ప్రతి ఇంటికీ ఒక కాగితం ఇవ్వండి. ఏ కోర్సు ఎన్నేళ్లు, దరఖాస్తు ఏ నెలలో, సర్కారు కాలేజీలో ఫీజెంత, హాస్టల్ ఉందా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, జిల్లాలో ఎక్కడుంది, ఎవరిని అడగాలి — ఇవన్నీ అందులో తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. జనవరిలో పీఆర్వో తలుపు తట్టేసరికి ఆ కాగితం గోడకు అంటించి ఉండాలి.