ఇన్‌బాక్స్ చెత్తకు బాధ్యులు పంపేవాళ్లే

జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిందని, డబ్బు కట్టి స్టోరేజీ పెంచుకోమని నోటీసు రాగానే చాలామంది చేసే పని పాత మెయిళ్లు డిలీట్ చేయడం. ఎప్పుడో చీర కొంటూ బిల్లు కౌంటర్‌లో ఇచ్చిన అడ్రస్‌కు పండగ పండగకూ వచ్చిన ఆఫర్లు, ఉద్యోగం దొరికి ఏళ్లయినా ఆగని జాబ్ అలర్ట్‌లు... వీటిని ఏరి పారేయడం మన బాధ్యతేనని అందరూ పాఠాలు చెబుతున్నారు. నా పేచీ ఆ పాఠంతోనే. వాకిట్లో చెత్త పోసేవాణ్ని వదిలేసి ఇంటివాళ్ల చేతికి చీపురివ్వడం ఏం న్యాయం?

పరిష్కారం లేకపోతే సరేననుకోవచ్చు. మెయిల్ హెడర్‌లోనే, అంటే మెయిల్‌తో పాటు వెళ్లే సాంకేతిక వివరాల్లోనే, చందా రద్దుకు (ఇక మెయిళ్లు వద్దని చెప్పడానికి) దారి చూపే పద్ధతి 1998 నుంచీ ఉంది. ఒక్క క్లిక్‌తో రద్దయ్యే ప్రమాణం 2017లో వచ్చింది. అయినా చాలా సంస్థలు పట్టించుకోలేదు. 2024లో గూగుల్, యాహూ కన్నెర్ర చేశాకే దారికొచ్చాయి. గూగుల్ నియమం ప్రకారం, జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ప్రచార మెయిళ్లలో ఒక్క క్లిక్ అన్‌సబ్‌స్క్రైబ్ ఇవ్వాలి, అడిగిన రెండు రోజుల్లో ఆపాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపే ఉండాలి. అందుకే, వద్దని చెప్పినా పంపుతున్న సంస్థ మెయిల్‌ను ఊరికే డిలీట్ చేయకండి. స్పామ్ బటన్ నొక్కండి. ఆ ఫిర్యాదుల లెక్క వాళ్లకు తగులుతుంది.

మన చట్టం మాత్రం ఇక్కడ నత్తనడకే. ప్రచార కాల్స్‌కు, ఎస్ఎంఎస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలున్నాయి, ఫిర్యాదుకు 1909 నంబరు ఉంది. ఈమెయిల్‌కు ఆ దిక్కూ లేదు. 2023 నాటి డేటా పరిరక్షణ చట్టంలోని ఆరో సెక్షన్ ఒక్కటే ఆశ. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని అది చెబుతోంది.

ఉచితంగా సమాచారం ఇస్తున్నాం, ఇష్టం లేకపోతే చదవకండి అని కంపెనీలు వాదిస్తాయి. చిన్న వ్యాపారికి ఈమెయిల్ కంటే చవకైన ప్రచారం లేదన్నదీ నిజమే. కానీ వద్దన్నవాడికి పంపితే ఆ చిన్న వ్యాపారికి ఒరిగేదేమీ లేదు.

అసలు దగా మెయిల్ రాసే తీరులో ఉంది. జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే ఇంకో లింకు నొక్కమంటుంది. బొమ్మలు, బ్యానర్లు, రంగుల బటన్లతో కోడ్ అంతా నింపేస్తే, అన్నిటికంటే అడుగున సన్న అక్షరాల్లో ఉండే రద్దు లింకు ఆ కత్తిరింపులో పోతుంది. సామాన్యుడు అంత దూరం వెతుకుతాడా?

పనికొచ్చే మెయిళ్లదీ ఇదే తంతు. ఒక బ్యాంకు నుంచి వచ్చిన మెయిల్ చూడండి. సబ్జెక్టులో 'ముఖ్య సమాచారం' అని ఉంటుంది. మొదటి పేరాలో సంస్థ గొప్పలు, రెండో పేరాలో నిబంధనల నంబర్లు. గడువు తేదీ నాలుగో పేరా చివర దొరుకుతుంది. అదే ఇలా రాస్తే? 'మీ కేవైసీ గడువు ఈ నెల 30తో ముగుస్తుంది. ఆలోగా ఆధార్ తీసుకుని బ్రాంచికి రండి. రాకపోతే ఖాతాలోంచి డబ్బు తీయడం కుదరకపోవచ్చు.' మూడు వాక్యాలు. అంతకు మించి ఎవరికీ అక్కర్లేదు.

ఇవి తెలుగులో ఎందుకు ఉండకూడదు? డేటా సమ్మతి నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు అదే డేటా పరిరక్షణ చట్టం ఇస్తోంది. నోటీసుకు ఇచ్చిన హక్కు, డబ్బుకు, కరెంటుకు, బీమాకు సంబంధించిన ప్రతి సందేశానికీ వర్తించాలి. అదీ యంత్రం అనువదించి పారేసిన తెలుగులో కాదు. 'తమరి అభ్యర్థన ప్రక్రియలో ఉన్నది, తదుపరి చర్య నిమిత్తం సంప్రదించగలరు' అంటే ఎవరు ఎవరిని సంప్రదించాలి? తెలుగు రాయడం వచ్చినవాళ్లకు జీతమిచ్చి రాయించుకోవాలి. పంపే ముందు, బ్రాంచిలో పెన్షన్ కోసం వరుసలో నిల్చున్న ఓ పెద్దాయనకు చదివి వినిపించాలి. తాను ఏం చేయాలో, ఏ తేదీలోగా చేయాలో ఆయన తిరిగి చెప్పగలిగితేనే దాన్ని లక్షల మందికి పంపాలి.