తల అటు, మనిషి ఇటు

పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాలంటే ముందు మనం ఇంట్లోంచి బయటపడాలి. ఇది పిల్లలు లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు, ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పదింటికల్లా బయల్దేరదాం అని మా ఆయన అన్నారంటే, పదింటికి ఒక బూటు మంచం కింద దొరుకుతుందనీ, రెండోదాని కోసం పదకొండు దాకా వెతుకుతామనీ అర్థం.

పిల్లల డాక్టర్ల దగ్గర ఒక లెక్క ఉంది. పిల్లాడి వయసుకి 2 కలిపి, దాన్ని 30తో హెచ్చవేస్తే వాడి మూత్రాశయంలో సుమారుగా ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో తేలుతుంది. మా చిన్నాడికి నాలుగేళ్ళు కాబట్టి 180 అన్నమాట. లెక్కలో తప్పుండకపోవచ్చు గానీ బూటు లేసుల సంగతి మాత్రం అందులో కలపలేదు. "వస్తోందా నాన్నా? ఒక్కసారి వెళ్ళిరా" అని బతిమాలినంతసేపూ "రావట్లేదు" అని ఖరాకండిగా చెప్పినవాడికే, రెండో బూటు ముడి బిగిసీ బిగియగానే ఆ 180 మిల్లీలీటర్లూ ఒక్కసారి గుర్తొస్తాయి.

సంచి సర్దే పని మా ఆయనది. తడి తుడుపు కాగితాలు, మార్చుకోవడానికి నిక్కర్లు, దెబ్బ తగిలితే అంటించే పట్టీలు, థర్మామీటరు, టార్చిలైటు, గొడుగు, వీటన్నిటి అడుగున ఒక తాడు. "పార్కుకి తాడెందుకండీ?" అని అడిగితే, "అవసరం చెప్పిరాదు" అన్నారు. నిజమే, చెప్పిరాదు. సంచిలో ఏం లేదో చూసుకుని మరీ వస్తుంది.

దారి గురించి చెప్పుకోవడానికేమీ లేదు. "వచ్చేశామా?" "లేదు." అంతే దారి.

మేం వెళ్ళింది చెరువులో బాతుల్ని చూపిద్దామని. మా పెద్దది బాతుల వంక ఒక్క చూపు చూసి, "చూశాను, ఇంకేం ఉంది?" అంది. చిన్నాడు ఆ మాత్రం కూడా చూడలేదు. చెరువుకి వీపు పెట్టి, బాట పక్కన గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. అక్కడ చీమల బారు పోతోంది. కొన్ని చీమలు కలిసి ఒక సీతాకోకచిలక రెక్కని మోసుకెళ్తున్నాయి. పసుపు రెక్క, అంచున నల్ల చుక్కలు. అది నిలువుగా లేచి, తెరచాప ఎత్తిన పడవలా ఊగుతూ పోతోంది. గాలి వీస్తే పక్కకి ఒరుగుతుంది, చీమలు అటూ ఇటూ సర్దుకుంటాయి, మళ్ళీ బయల్దేరుతుంది. నిజం చెప్పాలంటే బాతుల కంటే అదే బాగుంది.

ఆ బారు నేరుగా పూలతోట చుట్టూ ఉన్న ఇనప ఊచల కంచె కిందికి వెళ్ళింది. చీమలకి కంచె అడ్డం కాదు. మావాడు కూడా తనకి అడ్డం కాదనుకున్నాడు. బాతుల ఫొటో తీసి నేను ఇటు తిరిగేసరికి వాడి ఒళ్ళు బాట మీద ఉంది, తల తోటలో ఉంది.

"అమ్మా, తల రావట్లేదు" అన్నాడు. ఏడుపు లేదు, కంగారు లేదు. నాకు తెలియజేశాడు, అంతే.

ఆ ఊచల సందు బెత్తెడు కంటే ఎక్కువ, జానెడు కంటే తక్కువ. సరిగ్గా పనికిరాని కొలత. ఆటస్థలాల్లో పిల్లలెక్కే సామాన్లకి కొన్ని దేశాల్లో భద్రతా ప్రమాణాలున్నాయి. వాటి ప్రకారం ఎక్కడైనా సందు ఉంటే అది 89 మిల్లీమీటర్ల కంటే చిన్నదైనా కావాలి, 230 మిల్లీమీటర్ల కంటే పెద్దదైనా కావాలి. చిన్నదైతే ఒళ్ళు దూరదు, పెద్దదైతే తల కూడా తిరిగొస్తుంది. ఈ రెంటికీ మధ్యనున్న సందు ఏదైనా తలల కోసం నోరు తెరుచుకుని కూర్చున్నట్టే. పూలతోట ఆటస్థలం కాదు కాబట్టి ఆ కంచె కట్టినవాళ్ళు పూలని దృష్టిలో పెట్టుకున్నారు, మావాణ్ణి పెట్టుకోలేదు.

వెళ్ళిన తల రాకపోవడానికి కారణం చెవులు. లోపలికి వెళ్ళేటప్పుడు వెనక్కి అణిగి బుద్ధిగా దారిస్తాయి. బయటికి లాగితే ముందుకి మడతపడి అడ్డం తిరుగుతాయి. పైగా ఆ వయసులో మనిషంతా తలే. పుట్టినప్పుడు ఒంటి పొడవులో నాలుగో వంతు తల ఉంటుంది, పెద్దయ్యేసరికి అది దాదాపు ఎనిమిదో వంతుకి దిగుతుంది. మావాడు ఇంకా ఆ దిగే దారిలోనే ఉన్నాడు.

మొదట మా ఆయన సంచి తెరిచి, గబగబా వెతికి, తాడు బయటికి తీశారు. నేను చూసిన చూపుకి మళ్ళీ లోపల పెట్టేశారు.

ఇంతలో జనం చేరారు. ఊరికే చేరలేదు, సలహాలతో చేరారు. నడకకొచ్చిన ఒక పెద్దాయన ముందుకొచ్చి, "బలంగా లాగకండమ్మా, మెడ పట్టేస్తుంది" అన్నారు. అది మంచి మాటే. ఆ వెంటనే, "కొంచెం మెల్లిగా లాగండి" అన్నారు. మెల్లిగా లాగాం. "అమ్మా, చెవి!" అన్నాడు వాడు. "మానేయండి మానేయండి" అన్నారు పెద్దాయన, మాకు ఆ సలహా ఎవరో ఇచ్చారన్న ధోరణిలో.

ఒకావిడ చేతిసంచిలోంచి కోల్డ్ క్రీం తీసిచ్చింది. సబ్బు నీళ్ళయితే ఇంకా మంచిదని ఇంకొకావిడ. నూనే వీటన్నిటికీ విరుగుడని మూడో ఆవిడ. మా ఆయన ఊచల మధ్య నుంచి వేళ్ళు దూర్చి క్రీం పూశారు. వాడి చెవులు రెండూ ఎర్రగా, నున్నగా మెరుస్తూ తయారయ్యాయి గానీ సైజు మాత్రం తగ్గలేదు. "చక్కిలిగింత! చక్కిలిగింత!" అని వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే బుగ్గలు వెడల్పవుతాయని పెద్దాయన హెచ్చరించారు. అప్పణ్ణించి వాణ్ణి నవ్వించకూడదనేది ఒక నియమమైంది.

ఇబ్బంది ఏమిటంటే వాడి మొహం అవతల ఉంది, మేం ఇవతల ఉన్నాం. మొహం చూసి మాట్లాడాలంటే తోటలోకి వెళ్ళాలి, తోట గేటుకేమో తాళం. దాంతో వచ్చినవాళ్ళందరూ వాడి నిక్కరుకేసి చూస్తూనే, "ఏం భయంలేదు బాబూ", "ధైర్యంగా ఉండమ్మా" అని ఓదార్చారు. వాడు అవతల నుంచి, "రెక్క పడిపోయింది! మళ్ళీ లేపుతున్నాయి!" అని తన పనిలో తను ఉన్నాడు. ఆ కబుర్లు విని, పిల్లాడు కలవరిస్తున్నాడేమోనని ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మా పెద్దది ఊరుకుందా? బాట మీద పోతున్న పిల్లలందరికీ, "మా తమ్ముడి తల ఇరుక్కుంది, చూస్తారా?" అని చెప్పి, వాళ్ళని వరసగా నిలబెట్టింది. ఒక్కొక్కళ్ళనీ ఒక్కోసారే దగ్గరికి రానిచ్చింది. "ముట్టుకోకూడదు, చూడ్డమే" అని కట్టడి కూడా చేసింది. దానికి ఆరేళ్ళు. ఇంట్లో దాని పుస్తకాలు అది సర్దుకోదు.

ఈలోగా ఒకతను, "నా కార్లో జాకీ ఉంది. రెండు ఊచల మధ్యా అడ్డంగా పెట్టి తిప్పితే ఎడం అవుతాయి" అన్నాడు. అక్కడికి వచ్చిన మాటల్లో కాస్త దారిలో ఉన్నది అదొక్కటే. కానీ తల పక్కనే జాకీ పెట్టడమా అని ఆడవాళ్ళందరం ఒక్క గొంతుతో లేచేసరికి అతను వెనక్కి తగ్గాడు. ఇంకో కుర్రాడు అప్పటికే ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసేశాడు. ఇనుము వంచే సామాను వాళ్ళ దగ్గరే ఉంటుందని మా ఆయనకి ఆశ కలిగింది. పెద్దాయన మాత్రం ముందు క్రీం సంగతి పూర్తిగా తేల్చాలన్నారు. సబ్బు వర్గానికీ నూనె వర్గానికీ మాటామాటా పెరిగింది.

చీమల మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇజ్రాయెల్‌లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2024లో ఒక పరిశోధన వెలువరించారు. ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో ఉన్న వస్తువుని రెండు ఇరుకు సందుల్లోంచి దాటించాలి. చీమలకి చీమల సైజులో, మనుషులకి మనుషుల సైజులో పెట్టి, రెండు జాతులకీ ఒకటే పరీక్ష. చీమలు గుంపుగా ఉంటే ఒంటరిగా ఉన్నప్పటికంటే బాగా నెట్టుకొచ్చాయి. మనుషుల గుంపుల్లో కొన్నిటికి మాటలూ సైగలూ నిషేధించి, మూతికి మాస్కు, కళ్ళకి నల్లద్దాలు పెట్టించారు. పాపం, వాళ్ళు ఒంటరి మనుషుల కంటే కూడా వెనకబడ్డారు. మాట్లాడుకోనివ్వకపోవడం వల్లే అలా జరిగిందని పరిశోధకులు అనుకుని ఉంటారు. మా దగ్గర ఏ నిషేధమూ లేదు. అందరం మాట్లాడాం, ఒకేసారి మాట్లాడాం.

ఇక్కడ సభ ఇలా సాగుతుండగా అక్కడ రెక్క ఒక గులాబీ మొక్క చాటుకి వెళ్ళిపోయింది. "కనబడట్లేదు" అన్నాడు మావాడు. ఎవరూ పట్టించుకోలేదు. వాడు ఒక భుజం తిప్పి సందులో పెట్టాడు. పొట్ట లోపలికి పీల్చాడు. రెండో భుజం కూడా వెళ్ళింది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. లేచి, మోకాళ్ళు కూడా దులుపుకోకుండా గులాబీ మొక్క దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నా చేతిలో వాడి బూటొకటి మిగిలింది.

ఒక్క క్షణం ఎవరికీ మాట రాలేదు. మేమందరం తలని వెనక్కి తేవడం ఎలాగా అని ఆలోచిస్తుంటే వాడు మనిషినే ముందుకి తీసుకెళ్ళాడు. చిన్నపిల్లలకి పక్కకి తిరిగితే ఛాతీ తల కంటే సన్నం. తల పట్టిన సందులో మిగతాది పట్టడానికి పెద్ద కష్టం లేదు. ఇది అవతల నేల ఉన్నచోటి మాట. బాల్కనీ ఊచల దగ్గర మాత్రం ఎవరూ ఈ వైద్యం చేయకండి. ఇంతకీ పెద్దాయన తేరుకుని, "నేను మొదట్నించీ అదే చెబుతున్నా" అన్నారు.

ఫోన్ చేసిన కుర్రాడు నా చేతికి ఫోన్ ఇచ్చి, "మీరే చెప్పండి మేడం, వాళ్ళు బయల్దేరబోతున్నారు" అన్నాడు.

"ఏమ్మా, బాబు తల బయటికొచ్చిందా?" అని అడిగారు అవతల నుంచి.

"రాలేదండి. బాబే లోపలికెళ్ళిపోయాడు."

"లోపలికంటే? పూర్తిగానా?"

"పూర్తిగానండి. బూటు తప్ప."

"మరి ఇప్పుడు ఇరుక్కున్నది ఏమిటమ్మా?"

"ఏమీ లేదండి. గేటుకి తాళం ఉంది, అంతే."

కాసేపు నిశ్శబ్దం. "తాళాలకి మేం రామమ్మా" అని ఎంతో మర్యాదగా ఫోన్ పెట్టేశారు.

అప్పుడొచ్చాడు తోటమాలి. దూరాన్నించే కేకలేసుకుంటూ వచ్చాడు, లోపలికి రాకూడదని అంత బోర్డు పెడితే కనబడదా అని. బోర్డు చదవడం మావాడికి ఇంకా రాదని మా ఆయన చెప్పబోయారు. తాళంచెవి ఎక్కడో ఆ చివర గదిలో ఉందట. తోటమాలి గొణుక్కుంటూ అటు నడిచాడు, మా ఆయన సంచి భుజాన వేసుకుని వెనకే వెళ్ళారు. నేను ఊచల దగ్గర నిలబడి, "నాన్నా, ఇక్కడే ఉండు, గేటు తీస్తారు, కదలకు" అని చెప్తూనే ఉన్నాను. వాడు గులాబీ మొక్క మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, రెక్క బొరియలోకి పోయేదాకా చూశాడు. అది పోయింది. ఇంక చూడ్డానికేమీ లేదు. లేచి నేరుగా నా దగ్గరికొచ్చి, అదే సందులో తల పెట్టాడు. "వద్దురా!" అని నేను అరిచేలోపు తల, భుజం, పొట్ట, కాళ్ళు అన్నీ ఆ వరసలోనే ఇవతలికి వచ్చేశాయి. "నా బూటేదీ?" అన్నాడు.

బూటు తొడిగి, లేసు కట్టాను. ముడి బిగియగానే వాడేం అడిగాడో చెప్పక్కర్లేదు.

మేం వెళ్ళి వచ్చేసరికి తోటమాలి గేటు బార్లా తెరిచి, పూలన్నీ గాలించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏడమ్మా మీవాడు?" అన్నాడు. చూపించాను. వాణ్ణి చూశాడు, కంచెని చూశాడు, మళ్ళీ వాణ్ణి చూశాడు. నమ్మకం కుదరలేదు. దగ్గరికొచ్చి వంగి, "ఈ సందులోంచా! ఎలా దూరావురా బుజ్జీ?" అని ముద్దుగా అడిగాడు.

అడగకుండా ఉండాల్సింది. నాలుగేళ్ళవాడికి నోటితో చెప్పే ఓపిక ఉండదు. నేను చెయ్యి పట్టుకునేలోపే వాడు ఊచల దగ్గరికి పరుగెత్తాడు. మా పెద్దది అప్పటికే పిల్లల్ని మళ్ళీ వరసలో నిలబెడుతోంది.