ఇంటికి వచ్చాక ఎన్ని మిల్లీలీటర్లు?

మా పాప నెలలు నిండకుండా, గర్భం 31వ వారంలో పుట్టింది. ఐదు వారాలు ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో ఉంది. ట్యూబులోంచి ఎక్కించిన పాలెన్ని, నోటితో తాగినవెన్ని, కక్కినవెన్ని, తడిసిన డైపరు బరువెంత, అన్నీ మూడు గంటలకోసారి అక్కడ ఎవరో ఒకరు రాసుకునేవారు. లెక్కలో కాస్త తేడా వచ్చినా నర్సు మళ్లీ చూసుకునేది. డిశ్చార్జి రోజున మా చేతిలో పెట్టిన కాగితాల కట్టలో మాత్రం పాల గురించి ఉన్నది ఒకే ఒక్క ముక్క: 'అడిగినప్పుడల్లా పట్టండి.'

అడగడమా? నెలలు నిండిన బిడ్డకు ఆకలేస్తే ఇల్లంతా లేచి కూర్చునేలా ఏడుస్తుంది. మా పాప ఐదు గంటలైనా కళ్లు తెరిచేది కాదు. బుద్ధిమంతురాలని మురిసిపోయాం. వారం తర్వాత తూకం వేయిస్తే పెరిగింది మొత్తం 60 గ్రాములు. ఆ దశలో సాధారణంగా రోజుకే 20 నుంచి 30 గ్రాములు పెరగాలట. అంత ముందుగా పుట్టిన పిల్లలు ఆకలి తెలిపేంత ఓపిక లేక నిద్రలోకి జారుకుంటారని ఆ రోజే మొదటిసారి విన్నాం.

అందుకే నాదొక మొండి వాదన. నెలలు నిండని బిడ్డను ఇంటికి పంపే ఆసుపత్రి ఏదైనా సరే, పాలెలా పట్టాలో కాగితం మీద వివరంగా రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే తల్లిదండ్రులు కుర్చీలోంచి లేవకూడదు. ఒక్కో బిడ్డ అవసరం ఒక్కోలా ఉంటుంది, ముందే ఎలా రాస్తామని డాక్టర్లు అంటారు. ఒక్కోలా ఉంటుంది కాబట్టే రాయమంటున్నాను. మా పాపకు రెండో డాక్టరు మందుల చీటీ వెనక రాసిచ్చింది నాలుగు వరుసలే: మూడు గంటలకోసారి లేపి పట్టాలి, పూటకు కనీసం 45 మిల్లీలీటర్లు, ఐరన్ చుక్కలు ఎన్ని, మళ్లీ తూకం ఎప్పుడు. రాయడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. తల్లి కడుపులో చివరి మూడు నెలలు బిడ్డకు నిల్వలు పోగయ్యే కాలం. ఇనుము, ఎముకలకు కావలసిన క్యాల్షియం, ఫాస్ఫరస్, ఒంటికి పట్టే కొవ్వు చాలావరకు అప్పుడే చేరతాయి. ముందుగా పుట్టిన బిడ్డ ఆ నిల్వలు లేకుండానే బయటికి వస్తుంది, వచ్చాక మాత్రం వాటిని మరీ వేగంగా ఖర్చు చేస్తుంది. తల్లిపాలకు సాటి లేదు. కానీ వాటిలో ఇనుము, విటమిన్ డి తక్కువే కాబట్టి చుక్కల మందు తప్పదు. విటమిన్ డి రోజుకు 400 యూనిట్లు అన్నది చాలా చోట్ల చెప్పే మోతాదు. ఐరన్ రోజుకు కిలో బరువుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు, అంటే బిడ్డ బరువు పెరిగేకొద్దీ మోతాదూ మారాలి. మేము మూడు నెలలపాటు అవే పాత చుక్కలు వేశాం. మార్చమని ఎవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తోచలేదు. ఆ చుక్కల మరకలు పాప చొక్కాల మీద ఇప్పటికీ ఉన్నాయి, ఏ సబ్బుకూ లొంగవు.

పాలలో కలిపే బలవర్ధక పొడి, నెలలు నిండని పిల్లల కోసం చేసిన ప్రత్యేకమైన డబ్బా పాలు ఇంటికి వచ్చాక అందరికీ అవసరం ఉండవు. పుట్టినప్పటి బరువు, పెరుగుతున్న తీరు, రక్తపరీక్షలు చూసి డాక్టరు తేల్చాల్సిన విషయం అది. పక్కింటి బిడ్డకు పనిచేసిందని మన బిడ్డకు మొదలుపెట్టేది కాదు.

డబ్బా పాల దగ్గర నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పేస్తాను. తూకం చూసిన భయంతో ఒక రాత్రి రెండు చెంచాల పొడి వేయాల్సిన చోట మూడు వేశాను. చిక్కగా ఉంటే బలం కదా! రెండు రోజులు పాపకు విరేచనం కాలేదు, ఏడుపు ఆగలేదు. అంత చిక్కటి పాలు లేత మూత్రపిండాల మీద భారమవుతాయని, నీళ్లెక్కువై పలచబడితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చని డాక్టరు చెప్పినప్పుడు తల దించుకున్నాను. అప్పటినుంచి రాత్రి మూడింటికి కూడా చెంచా మీది పొడిని కత్తి వెనకవైపుతో చదును చేసి కానీ వేయలేదు. ఇంకొక సంగతి: పొడి పాలలో క్రిములు అసలే ఉండవని చెప్పలేం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లలో పొడి కలిపి, చల్లార్చి పట్టమంటుంది. వీలున్నవాళ్లు తొలి వారాల్లో ద్రవరూపంలో సిద్ధంగా దొరికేవి వాడితే ఇంకా క్షేమం.

ఎంత పట్టాలన్నది ఒక ఎత్తు, ఎలా పట్టాలన్నది మరో ఎత్తు. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కుదురుగా కలిసేది గర్భం లెక్కన దాదాపు 34వ వారం తర్వాతే, అప్పటికీ పూర్తిగా కాదు. సీసా పీకలోంచి పాలు వేగంగా వస్తే మా పాప కనుబొమలు పైకి లేచేవి, చేతి వేళ్లు విచ్చుకునేవి, పెదవి మూల నుంచి పాలు కారేవి. ఎంత గబగబా తాగుతోందో అని సంబరపడ్డాను. అది సంబరపడాల్సినది కాదట, ఊపిరి అందక పడుతున్న అవస్థట. పక్కకు తిప్పి, తల కాస్త ఎత్తుగా పట్టుకుని, సన్నధార పీకతో, నాలుగైదు గుక్కలకోసారి సీసా వంచి ఊపిరి తీసుకోనివ్వడం ఒక నర్సు నేర్పింది. పూటకు ఇరవై నిమిషాలు పట్టేది. నేను ఎన్‌ఐసీయూలోనే నేర్చుకుని ఉండాల్సిన పాఠమిది.

ఇక మన మాటల సంగతి. ఫోను తెర మీద పాపను చూసిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: 'నాలుగు నెలలొచ్చాయి, ఇంకా ఇంతేనా?' తొమ్మిది వారాలు ముందు పుట్టిన బిడ్డకు క్యాలెండరులో నాలుగు నెలలంటే, సవరించిన వయసు, అంటే పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కించే వయసు, సుమారు రెండు నెలలు. బరువైనా, తిండి మొదలుపెట్టడమైనా రెండేళ్లదాకా ఈ వయసుతోనే లెక్కవేయాలి. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ మా ఆవిడకు తన పాలు చాలడం లేదేమోనన్న అనుమానం. బొద్దుగా కావాలని సీసాలో పిండి కలపమన్న పెద్దలూ ఉన్నారు. గొంతుకు అడ్డం పడితే ఎవరిది పూచీ? మెడ నిలవాలి, ఆసరాతో కూర్చోవాలి, ఆ తర్వాతే చెంచా. అసలు లావు ఒక్కటే కొలమానమూ కాదు. డాక్టరు ప్రతిసారీ టేపు తీసి తల చుట్టుకొలత చూసేది మెదడు ఎదుగుదల తెలుసుకోవడానికే. అది ఎంతని మాత్రం మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మొన్న మాకు తెలిసిన ఒక జంట ఆసుపత్రి నుంచి ఫోను చేశారు. రేపు డిశ్చార్జి, ఏమేం కొనాలని అడిగారు. కొనడం తర్వాత చూద్దాం, ముందు తెల్ల కాగితమూ పెన్నూ తీసుకెళ్లండన్నాను. పూటకు కనీసం ఎన్ని మిల్లీలీటర్లు, తల్లిపాలలో ఏమైనా కలపాలా, ఐరన్ ఎప్పటినుంచి ఎంత, మళ్లీ తూకం ఏ రోజు, అర్ధరాత్రి పాప పాలు తాగకపోతే ఫోను ఎత్తేది ఎవరు? ఐదింటికీ జవాబులు రాయించుకుని వచ్చారు. చివరిదానికి మాత్రం అరగంట కూర్చోవాల్సి వచ్చిందట.