రొయ్యల బండిలో దాక్కోవడం ఎవరి నుంచండీ?

పాత సరుకు బండి కొని లోపల మంచం, పొయ్యి, ఫ్యాను బిగించి, బయటికి మాత్రం మామూలు లారీలా ఉంచడం ఇప్పుడు యూట్యూబ్‌లో పెద్ద మోజు. "ఎక్కడ ఆపుకుని పడుకున్నా లోపల మనిషి ఉన్నట్టు ఎవరికీ తెలీదు" అంటారు. అలా అన్నవాణ్ణి ఒక్క రాత్రి మా కోనసీమలో కాలువ గట్టు మీద పడుకోమనండి.

నేను పడుకున్నాను కాబట్టే చెబుతున్నాను.

భీమవరం వైపు రొయ్యలు తోలిన పాత డీజిల్ బండి కొన్నాను. వెనక 14 అడుగుల డబ్బా, గోడల్లో నాలుగు వేళ్ల మందాన పఫ్ (వేడి లోపలికి రాకుండా అడ్డుకునే నురగ). ఇంజన్ బీఎస్-6 అనే కొత్త పొగ నిబంధన రాకముందుది, అంటే 2020 ఏప్రిల్‌కి ముందుది. పొగ శుద్ధికి వేరే ట్యాంకులో డెఫ్ అనే ద్రవం పోసే గొడవ లేదు, ఏ ఊళ్లో ఆగిపోయినా మెకానిక్కు చెయ్యి పెట్టగలడు. ఇంతవరకూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

తర్వాత చేసిందే తెలివితక్కువ పని. డబ్బంతా దాక్కోవడానికే పెట్టాను. కిటికీలు కోస్తే జనానికి తెలిసిపోతుందని కొయ్యలేదు. లైటు బయటికి కనపడకుండా నల్ల పరదాలు, లోపలి నుంచి గడియ, తలుపు సందుల్లో రబ్బరు. లోపల ఐసు ఒక రోజంతా కరక్కుండా ఉండాలని కట్టిన డబ్బా అది. మన ఒంటి వేడిని మాత్రం బయటికి పోనిస్తుందా? మే నెలలో సఖినేటిపల్లి రేవు దగ్గర, పొద్దున్నే పంటు (బండ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం దాటుదామని ఆపుకుని పడుకున్నాం. రాత్రి రెండింటికి మా ఆవిడ లేచి తలుపు బార్లా తీసేసింది. దోమలన్నీ లోపలికి, మేమిద్దరం బయటికి.

తెల్లారి అయిదు కాకుండానే డబ్బా మీద దబదబా బాదుడు. "ఏవండీ, సరుకెక్కడిది? కౌంటెంత?" (కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క.) ఇంకొకాయన కిందకి వంగి చూసి, "బండి కింద చుక్క నీరు లేదండి, ఐసు అయిపోయినట్టుంది, సరుకు పోద్ది" అని తెగ కంగారు పడిపోయాడు. రొయ్యల సీమలో రొయ్యల బండి రాత్రంతా కదలకుండా, నీళ్లు కారకుండా నిలబడితే అది గుట్టా? ఊళ్లో దండోరా వేయించుకున్నట్టే. ఆరింటికల్లా మేము ఎవరం, ఎవరి తాలూకు, పిల్లలెందరు అన్నీ తేలిపోయాయి. టీ కూడా వాళ్లే ఇచ్చారు, అది వేరే సంగతి.

అందుకే నా మాట ఒక్కటే: డెల్టాలో బండి కట్టుకునేవాళ్లు కళ్లకి కనపడకుండా ఉండడానికి పెట్టే డబ్బు గాలి ఆడడానికి పెట్టండి. నేను ఆ తర్వాత ఎదురెదురుగా రెండు కిటికీలు కోయించి, దోమతెర బిగించి, పైకప్పుకి గాలి లాగే ఫ్యాను పెట్టించాను. 28 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే రకం) ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగినా పావు యూనిట్ లోపే. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో యూనిట్ పైచిలుకు ఉంటుంది. ఏసీ కావాలంటే మాత్రం అదే బ్యాటరీ రాత్రంతా ఈడ్చదు. ఏసీ కోసం ఇంజన్ ఆన్ చేసుకుని పడుకుంటామని ఒకరిద్దరు అడిగారు. వద్దు బాబూ. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పడుకున్నవాళ్లు లేవరు.

పొయ్యి గ్యాసు సంగతి కూడా అంతే. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే మడుగు కడుతుంది. రొయ్యల బండిలో ఐసు నీళ్లు పోవడానికి నేలలో బెజ్జాలుంటాయి. నీచు వాసన వస్తోందని మొదట వాటిని మూసేసింది కూడా నేనే. లీకైన గ్యాసు కిందికి పోవాలని మళ్లీ తెరిపించి జాలీ కొట్టించాను. (వాసన ఇంకా ఉంది. బ్లీచింగ్, నిమ్మకాయలు, కాఫీ పొడి, అన్నీ అయ్యాయి. వాన పడితే రొయ్య మళ్లీ బతుకుతుంది.)

మామూలు ప్లైవుడ్ జోలికి పోకండి, ఒక్క వానాకాలానికే ఉబ్బుతుంది. అల్యూమినియం సెక్షన్లే మేలు.

ఇక కాగితాలు. బండిని మార్చిన సంగతి ఆర్టీవో ఆఫీసులో చెప్పాలా అంటే ఊళ్లో ఒక ఏజెంటు "ఎవరు చూస్తారండీ, చెప్పకండి" అన్నాడు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ తప్పదు, అక్కడ తలుపు తీసి చూపించాలి. ఊరివాళ్లకి దాచలేనిది ఆఫీసరుకి దాస్తానా? ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ వాడు అడ్డం తిరిగితే ఈ ఏజెంటు ఫోనెత్తుతాడా? నాకు ఈ విషయంలో టెన్షన్ ఇంకా తీరలేదు. అందుకే మంచం, బీరువా బోల్టులు విప్పితే వచ్చేసేలా పెట్టించాను. బండి కదిలితే వెనక ఎవరినీ కూర్చోనివ్వను. కిటికీల సంగతి మాత్రం పని మొదలెట్టకముందే ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోవాల్సింది. మీరైనా ఆ పని చెయ్యండి.

పోయిన నెల విసుగొచ్చి వెనక తలుపు మీద పెద్ద అక్షరాలతో "ఇందులో రొయ్యలు లేవు" అని రాయించాను. మొన్న అంతర్వేదిలో ఒక పెద్దాయన సైకిల్ ఆపి, అది నిదానంగా చదివి, "మరేమున్నాయండీ?" అన్నాడు.