బాస్ మీద ఫిర్యాదు వినేది బాస్ కింది మనుషులా?

రాత్రి పదకొండింటికి మెసేజ్. 'నీ అప్రైజల్ గురించి మాట్లాడాలి, డిన్నర్‌కి రా.' వెళ్లకపోతే మర్నాటి నుంచి పనిలో వంకలు మొదలు. ఆ ఉద్యోగిని ఫిర్యాదు చేయాలంటే తొక్కాల్సింది అదే ఆఫీసులోని అంతర్గత కమిటీ గడప. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టేందుకు తెచ్చిన 2013 చట్టం చూపించిన దారి ఇది. నా దృష్టిలో పునాదిలోనే లోపం ఉంది.

కమిటీలో ఎవరుంటారు? అధ్యక్షురాలిగా ఒక సీనియర్ ఉద్యోగిని, కనీసం ఇద్దరు సిబ్బంది, బయటి నుంచి ఒకరు. అందరినీ నియమించేది యాజమాన్యమే. ఆ అధ్యక్షురాలికి రేటింగ్ ఇచ్చేది చాలాచోట్ల నిందితుడో, రోజూ అతనితో మీటింగుల్లో కూర్చునే మరో పెద్దమనిషో. బయటి సభ్యురాలికి ఫీజు ఇచ్చేదీ కంపెనీయే. అధ్యక్షురాలు ఎంత నిజాయితీపరురాలైనా, కంపెనీకి కోట్లు తెచ్చిపెట్టే బాస్‌ని తప్పుపట్టాలంటే తన ఉద్యోగాన్నీ పణంగా పెట్టాల్సిందే. అంత ధైర్యం ఉంటేనే న్యాయం దొరుకుతుందంటే దాన్ని చట్టం అనలేం.

ఈ ప్రమాదాన్ని జస్టిస్ వర్మ కమిటీ ముందే పసిగట్టింది. నిర్భయ ఘటన తర్వాత, 2013 జనవరిలో ఇచ్చిన నివేదికలో అంతర్గత కమిటీలు వద్దని, ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టాలని చెప్పింది. మరుసటి నెలలోనే రాజ్యసభ పాత పద్ధతికే ఓటేసింది. పదేళ్ల తర్వాత, 2023లో, చట్టం అమలులో తీవ్రమైన లోపాలున్నాయని సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది.

తప్పుడు కేసులతో మగవాళ్ల జీవితాలు పాడవుతాయని కొందరి వాదన. దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవచ్చని సెక్షన్ 14 చెబుతూనే ఉంది. నిర్దోషికి కూడా కంపెనీ కమిటీ కంటే స్వతంత్ర ట్రిబ్యునలే మేలు కదా.

అది వచ్చేదాకా బాధితులు ఉన్న చట్టాన్నే గట్టిగా వాడుకోవాలి. మెసేజ్‌లు డిలీట్ చేయకండి. ఫిర్యాదుకు గడువు 3 నెలలే, సరైన కారణం ఉంటే మరో 3 నెలలు. విచారణ నడుస్తుండగా బదిలీ గానీ, 3 నెలల దాకా అదనపు సెలవు గానీ రాతపూర్వకంగా అడగొచ్చు. యజమానే నిందితుడైతే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. పోలీసులకు ఫిర్యాదు చేయడానికి ఏ కమిటీ నివేదిక కోసమూ ఆగక్కర్లేదు.

అయితే ఇవన్నీ ఎంతోకొంత ఉద్యోగ భద్రత ఉన్నవాళ్లకు. ఈ చట్టానికి మూలమైన భన్వరీ దేవి రాజస్థాన్‌లో గౌరవ వేతనం మీద పనిచేసిన సాథిన్, అంటే గ్రామస్థాయి ప్రభుత్వ కార్యకర్త. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమెలాగే ఉద్యోగ భద్రత లేని ఆడవాళ్లే ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లో, కలెక్టరేట్లలో అవుట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్నారు. కాంట్రాక్టు మనుషులకూ చట్టం వర్తిస్తుంది, నిజమే. కానీ వాళ్ల రెన్యువల్ పైఅధికారి ఒక్క మాట మీద ఆగిపోతుంది. 'రేపటి నుంచి రానక్కర్లేదు' అంటే చాలు, కమిటీ ముందు నిలబడేందుకు ఆమె ఆ ఆఫీసులోనే ఉండదు. నెలజీతంతో ఇల్లు నడిపే మనిషిని నోరు మూయించేది ఈ భయమే. అందుకే ట్రిబ్యునల్‌తో పాటు ఇంకొకటి కూడా అడగాలి: ఫిర్యాదు చేసిన కాంట్రాక్టు ఉద్యోగినిని విచారణ ముగిసేదాకా తీసేయకూడదని రెండు తెలుగు రాష్ట్రాలూ వెంటనే జీవో ఇవ్వాలి.