పొగతోటలో అంతర్జాతీయం

నెల్లూరులో డాక్టర్ల పేట అయిన పొగతోటలో మరో ఫ్లెక్సీ వెలిసింది. ఈసారి ఎమ్మెల్యే గారి పుట్టినరోజు కాదు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, వెనకాల తిరుగుతున్నట్టు ఒక భూగోళం. కింద: "మా ఫ్యామిలీ డాక్టర్ గారి పరిశోధనా వ్యాసం అంతర్జాతీయ జర్నల్‌లో ప్రచురితమైన శుభ సందర్భంగా... ఇట్లు మెడికల్ షాపు, ల్యాబు, అభిమానులు." జలుబుకు మాత్ర రాసే డాక్టరుకు కూడా అభిమాన సంఘం ఏర్పడిందంటే నెల్లూరు ఎంత ముందుకు పోయిందో చూడండి.

గౌరవంతో లోపలికెళ్లి కాంపౌండరును అడిగాను.

"ఏ జర్నల్ అబ్బయా?"

"అంతర్జాతీయంలో పడిందన్నా."

"అదే, ఏ దేశంది?"

"దేశంది కాదన్నా. అంతర్జాతీయం!"

అతను చెప్పిందే కరెక్టు. ఆ పత్రికకు దేశం ఉండదు, ఆఫీసు ఉండదు, ఎడిటర్‌ను చూసినవాడుండడు. బ్యాంకు ఖాతా మాత్రం ఉంటుంది. పొద్దున్నే మెయిల్ వస్తుంది: "ప్రముఖ శాస్త్రవేత్త గారికి నమస్సులు. తమరి అమూల్యమైన వ్యాసం కోసం మా సంచిక ఆగిపోయి ఉంది." పిలిచింది ఓడల ఇంజినీరింగ్ పత్రికైనా పర్వాలేదు, షుగర్ పేషెంట్ల పాదాల మీద వ్యాసం నిక్షేపంగా వేసుకుంటుంది. సోమవారం పంపితే బుధవారానికి యాక్సెప్టెన్స్. మధ్యలో మంగళవారం ఇద్దరు నిపుణులు వ్యాసాన్ని క్షుణ్ణంగా పరిశీలిస్తారు. మొదటాయన "చాలా బాగుంది" అంటాడు. రెండో ఆయన "నాదీ అదే మాట" అంటాడు. సంక్రాంతి లోపు డబ్బు కడితే డిస్కౌంటు, సర్టిఫికెట్ ఫ్రీ.

ఆ తర్వాత పేర్ల పంచాయితీ. మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పే డాక్టర్ల ప్రమోషన్ల లెక్కలో మొదటి ఇద్దరు రచయితలకే గుర్తింపు అని 2015లో వైద్య మండలి సర్క్యులర్ ఇచ్చింది. రూల్సు తర్వాత మారాయి కానీ పోట్లాట మారలేదు. శుభలేఖలో "ఆహ్వానించువారు" వరస కుదర్చడం కూడా ఇంతకన్నా సులువే. హెచ్‌ఓడీ గారు ముందుండాలి, హెచ్‌ఓడీ కాబట్టి. ప్రమోషన్ దగ్గర పడినాయన రెండు. అమెరికాలో ఉండి ఇంగ్లీషు దిద్దిన బావమరిది మూడు, అది విదేశీ సహకారం కింద వస్తుంది. ఓపీలో కూర్చుని పేషెంట్లను చూసి, రక్తం తీసి, లెక్కలు కట్టిన పీజీ కుర్రాడికి చివర్లో కృతజ్ఞతలు.

ఈ వ్యాపారంలో తెలుగువాళ్లం వెనకబడ్డామని బెంగ వద్దు. హైదరాబాద్ నుంచి వందల జర్నల్స్ నడిపిన ఒక సంస్థ, రివ్యూ సంగతిలో, ఫీజుల సంగతిలో రచయితల్ని మోసం చేసిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అంతర్జాతీయమంటే అదీ!

పొదిలి వైపు ఒక డాక్టరున్నాడు. ఆయనకు ఫ్లెక్సీ లేదు. నడుం వంగక, మోకాళ్లు ముడవలేక వచ్చేవాళ్ల వివరాలు ఏళ్లుగా లెడ్జరు పుస్తకంలో రాసుకుంటాడు. పేరు, వయసు, ఊరు, ఏ బోరు నీళ్లు తాగుతున్నారు, ఎన్నేళ్లుగా. అదంతా కూర్చి ఒక మంచి జర్నల్‌కే పంపాడు. "స్థానిక ఆసక్తి మాత్రమే ఉన్న అంశం" అని తిరిగొచ్చింది. ఇంకో చోట వేస్తామన్నారు. వాళ్లు డాలర్లలో అడిగిన ఫీజు ఆయన క్లినిక్ అద్దె కంటే ఎక్కువ.

స్థానికమట! 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలూ పళ్లూ పాడయ్యే ఈ జబ్బు మీదే, రాస్తే కలకత్తా నుంచి వచ్చే ఇండియన్ మెడికల్ గెజిట్ జిల్లా పేరు శీర్షికలోనే పెట్టి అచ్చేసింది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అప్పటికి పొదిలి, కనిగిరి నెల్లూరువే. ఈ జబ్బు మన దేశంలో ఉందని లోకానికి తెలిసిందే ఇక్కడి మనుషుల ఎముకల వల్ల. అంత పేరు తెచ్చుకున్న జబ్బు ఇంకా అక్కడే ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడ్ దాటిన బోర్లూ ఉన్నాయి. పళ్లు గారపట్టిన పిల్లలు బడికి పోతూనే ఉన్నారు. దీనిమీద పేపర్లు రాలేదా? బోలెడు వచ్చాయి. నీళ్లు పట్టుకెళ్లారు, ఎక్స్‌రేలు తీసుకెళ్లారు, ప్రొఫెసర్లయ్యారు. ఫలానా బోరు తాగొద్దని ఊళ్లోకి తిరిగొచ్చి చెప్పినవాడెవడు? సిగ్గుండాలి!

ఆ లెడ్జరులోది రెండు పేజీలు తెలుగులో టైపు చేయించి, ఏ బోరులో ఎంతుందో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించమని ఆ డాక్టరుకు చెప్పాను. సర్పంచ్ ఒప్పుకోవాలి కదా అన్నాడు. ఒక బోరు సర్పంచ్ ఇంటి ముందే ఉందట.